పెరట్లో పంక్తి వేసే ముందు

వానలు వెనకబట్టాయి. అక్టోబరు నెల సగం దాటేసరికి మన రెండు రాష్ట్రాల్లోనూ ఎండ తీవ్రత తగ్గి సాయంత్రాలు చల్లబడతాయి. కోతపండుగ కృతజ్ఞతార్పణలు, గృహప్రతిష్ఠలు, పుట్టినరోజు కూడికలు, కాటేజ్ ప్రేయర్లు, డిసెంబరు రాగానే సెమీ క్రిస్మస్‌లు వరుసగా మొదలయ్యే కాలమిది. హాల్లో ఇరవైమందికి మించి పట్టని ఇళ్లలో ఈ కూడికలు సహజంగానే పెరట్లోకో, వాకిట్లోకో, డాబా మీదికో వెళ్తాయి. పైన ఆకాశం, కింద పట్టా, చుట్టూ మనవాళ్లు ఉంటే ఆ సహవాసంలోని ఆనందమే వేరు.

ఆరుబయట కూడిక అనగానే మన మనసు ముందుగా అలంకరణ మీదికి పోతుంది. సీరియల్ లైట్లు, బెలూన్లు, వెనక ఫ్లెక్సీ, ఫొటో బాగా పడే మూల గుర్తొస్తాయి. ఇవి తప్పని మేము అనడం లేదు. అయితే ఇంటివారు వీటికంటే ముందు వేసుకోవలసిన ప్రశ్నలు రెండున్నాయి. వచ్చినవారందరూ క్షేమంగా తిరిగి వెళ్లగలరా? రావలసినవారందరూ వచ్చారా? మొదటి ప్రశ్న పెరటిని సిద్ధం చేస్తుంది. రెండోది మనల్ని సిద్ధం చేస్తుంది.

లేఖనాల్లో ఆరుబయటి ఆతిథ్యం

బైబిల్లో గొప్ప విందులు చాలా వరకు ఆరుబయటే జరిగాయి. అబ్రాహాము ముగ్గురు అతిథులకు భోజనం పెట్టింది మమ్రే దగ్గర చెట్టు కిందే (ఆదికాండము 18). ఆ వరుస గమనించండి. ముందు కాళ్లకు నీళ్లు, తర్వాత నీడలో విశ్రాంతి, ఆ తర్వాతే రొట్టె, మాంసం. వారు తింటున్నంతసేపూ ఆయన పక్కనే నిలబడ్డాడు. ప్రభువు ఐదువేలమందికి పెట్టినప్పుడు మొదట వారిని పచ్చికమీద నూరేసిమంది, యాభయ్యేసిమందిగా కూర్చోబెట్టించాడని మార్కు 6వ అధ్యాయంలో చదువుతాం. ఏర్పాటు ముందు, పంపకం తర్వాత. తిబెరియ సముద్రపు ఒడ్డున ఆయన నిప్పులమీద చేపలు సిద్ధం చేసి శిష్యులను భోజనానికి పిలిచింది కూడా ఆరుబయటే (యోహాను 21).

ఇశ్రాయేలీయుల పర్ణశాలల పండుగ సరిగ్గా ఈ ఋతువులోదే. ఏడవ నెల పదిహేనో దినాన, కళ్లంలోని ధాన్యం, తొట్టిలోని ద్రాక్షారసం ఇంటికి చేరాక, కొమ్మలతో పందిళ్లు వేసుకొని ఏడు దినాలు ఆ పండుగ చేసేవారు. నెహెమ్యా కాలంలో ప్రజలు ఇళ్ల కప్పుల మీద, తమ ముంగిళ్లలో పర్ణశాలలు కట్టుకున్నారని నెహెమ్యా 8వ అధ్యాయం చెబుతుంది. మన డాబాలూ వాకిళ్లూ గుర్తుకొస్తున్నాయి కదూ!

ఇంటికి వచ్చిన మనిషి క్షేమం ఇంటివాడి బాధ్యత అని ధర్మశాస్త్రం స్పష్టంగా చెప్పడం మరీ విశేషం. కొత్త ఇల్లు కట్టినవాడు కప్పు చుట్టూ పిట్టగోడ కట్టాలి. అది లేక ఎవరైనా పడితే ఆ అపరాధం ఆ ఇంటిదే (ద్వితీయోపదేశకాండము 22:8). గొయ్యి తవ్వి మూయకుండా వదిలేస్తే అందులో పడిన ఎద్దుకు, గాడిదకు కూడా నష్టపరిహారం చెల్లించాలి (నిర్గమకాండము 21:33-34). పశువు విషయంలోనే ఇంత లెక్క ఉంటే మన ఇంటికి ప్రార్థనకు వచ్చిన బిడ్డ విషయంలో ఎంత ఉండాలి? "దేవుడే చూసుకుంటాడు" అని మనం తేలిగ్గా అనేస్తుంటాం. పిట్టగోడ కట్టమని చెప్పినవాడూ ఆ దేవుడే.

తేదీ, వేళ

నైరుతి రుతుపవనాలు వెళ్లిపోయినా కోస్తాకు వానగండం తీరిపోదు. అక్టోబరు నుండి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల కాలం. నెల్లూరు, తిరుపతి, చిత్తూరు వైపు అసలు వానలు అప్పుడే పడతాయి. తుపానులు కూడా ఈ నెలల్లోనే ఎక్కువ. దివిసీమ ఉప్పెన 1977 నవంబరు 19న వచ్చింది. హుద్‌హుద్ విశాఖను తాకింది 2014 అక్టోబరు 12న. అందుచేత కోస్తాలో, దక్షిణ రాయలసీమలో ఆరుబయట కూడిక పెట్టుకునేవారు చర్చి హాలునో, కమ్యూనిటీ హాలునో ముందే అడిగి ఉంచుకోవాలి. వాతావరణ శాఖ హెచ్చరిక వస్తే టెంట్‌హౌస్ అడ్వాన్సు పోతుందని వెనకాడకండి. గాలివానలో షామియానా గుంజలు నిలవవు.

నవంబరులో ఐదున్నర దాటేసరికి పొద్దు వాలిపోతుంది. ఏడున్నర తర్వాత మంచు దిగడం మొదలవుతుంది. పసిబిడ్డలూ ఆయాసంతో బాధపడే పెద్దలూ ఉన్న సంఘమైతే కూడిక సాయంత్రం నాలుగున్నరకో ఐదుకో మొదలుపెట్టి ఎనిమిదికల్లా భోజనాలు ముగించడం మంచిది. ఇంకా ఆలస్యమయ్యే పక్షంలో వారి నెత్తిమీద కప్పు ఉండేలా చూడండి.

రెండు వారాల ముందు మొదలయ్యే పని

పెరడు శుభ్రం చేయడం ముందురోజు పని కాదు. దోమ లెక్క ప్రకారం చూసినా రెండు వారాలు కావాలి. డెంగీని వ్యాపింపజేసే ఏడిస్ దోమ మురుగుకాల్వలో కాదు, నిలవ ఉన్న మంచినీళ్లలో గుడ్లు పెడుతుంది. కొబ్బరిచిప్ప, పాత టైరు, పూలకుండీ కింది పళ్లెం, ఎండాకాలం తర్వాత మూలన పడేసిన కూలర్, కోళ్లకు నీళ్లుపోసే మూకుడు, డాబా మీది పగిలిన బకెట్టు, ఇవన్నీ దానికి నివాసాలే. గుడ్డు దోమగా ఎగరడానికి సుమారు వారం, పది రోజులు పడుతుంది. అందుకే వారానికోసారి నీళ్లు పారబోయమని ఆరోగ్యశాఖవారు "ఫ్రైడే డ్రైడే" అని చెబుతుంటారు. ఒట్టి నీళ్లు పారబోస్తే సరిపోదు. గుడ్లు పాత్ర గోడలకు అంటుకొని తడి లేకపోయినా నెలల తరబడి బతుకుతాయి కాబట్టి పీచుతో గట్టిగా రుద్ది కడగాలి.

ఈ దోమ పగటిపూట కుడుతుంది. ఉదయంపూట, పొద్దువాలే ముందు దీని బెడద ఎక్కువ. సరిగ్గా మన అతిథులు వచ్చి కూర్చునే వేళ అది. కూడిక రోజున వేపాకు పొగ పెడితే కొంత ఊరట దొరకవచ్చు గానీ ఆయాసం ఉన్నవారికి ఆ పొగే బాధ. పది రోజుల ముందు పారబోసిన నీళ్లు చేసే మేలు ఆ సాయంత్రం పొగ చేయలేదు. పక్కింటివారి ఖాళీ స్థలంలో నీళ్లు నిలిచి ఉంటే ఫిర్యాదుతో కాకుండా పలుగూ పారా పట్టుకొని వెళ్లి "కలిసి చేద్దాం రండి" అనండి. ఆ పలకరింపు ఆహ్వానపత్రిక కంటే బాగా పనిచేస్తుంది.

ఇక పాములు. వానాకాలంలో ఏపుగా పెరిగిన గడ్డి, కట్టెలమోపు, ఇటుకల కుప్ప, విరిగిన పెంకులు, వీటి మధ్య ఎలుకలు చేరతాయి. ఎలుకల వెంట పాములొస్తాయి. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి, ఈ నాలుగూ మన ప్రాంతంలో ఉన్నాయి. వీటిలో కట్లపాము రాత్రిపూట తిరుగుతుంది. దాని కాటు నొప్పిలేకుండా ఉండవచ్చు. కుప్పలు తీసేటప్పుడు చెయ్యి పెట్టకుండా కర్రతో కదిపి చూడండి. చెప్పులు కాక బూట్లు వేసుకోండి. పట్టపగలే ఆ పని ముగించండి. కూర్చునే స్థలం చుట్టూ నాలుగైదు గజాల మేర గడ్డి నేలమట్టంగా కోయించండి.

ఒకవేళ కాటు పడితే ఏం చేయాలో ఇంటివారికి ముందే తెలిసి ఉండాలి. కట్టు బిగించకూడదు, కోయకూడదు, నోటితో పీల్చకూడదు. కాటుపడిన అవయవం కదలకుండా ఉంచి, 108కి ఫోన్ చేసి, విరుగుడు సూదిమందు ఉండే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ప్రార్థన తప్పక చేయండి. దారిలో చేయండి. ప్రార్థన ముగిసేదాకా బండి ఆపవద్దు.

నేల, నూతి, డాబా

వానకు మెత్తబడ్డ నేలలో ప్లాస్టిక్ కుర్చీ కాళ్లు దిగబడతాయి. బరువైనవారు, వృద్ధులు వెనక్కి పడేది ఇలాగే. పల్లం ఉన్నచోట మొరం గానీ రాతిపొడి గానీ పోసి దిమ్మిస కొట్టించండి. దుమ్ము లేవకుండా మధ్యాహ్నమే నీళ్లు చల్లండి. కూడిక వేళకు నేల ఆరి ఉండాలి. పెద్దవారికి చేతులున్న కుర్చీలు వేయండి. కింద కూర్చోలేని అమ్మమ్మలు పట్టాల వెనక ఎక్కడో నిలబడకుండా వారి కుర్చీలు ముందువరుస పక్కనే వేస్తే వాక్యం కూడా వినబడుతుంది.

పెరట్లో నుయ్యి ఉందా? సంపు మూత గట్టిదేనా? సెప్టిక్ ట్యాంకు మీది పాత బండ పదిమంది పిల్లలు ఎక్కి గెంతితే తట్టుకుంటుందా? నీళ్లు పడని బోరు గొట్టం నోరు తెరిచే ఉందా? ఈ నాలుగు ప్రశ్నలకూ జవాబు దొరికేదాకా ఎవరినీ పిలవకండి. పిల్లలు పెద్దల ప్రార్థనలో కళ్లు మూసుకొని కూర్చోరు, చీకటిమూలల్లోకి పరుగెడతారు. కూడిక జరిగినంతసేపూ వారిని కనిపెట్టి ఉండడానికి ఇద్దరు యౌవనస్థులను నియమించండి. సండేస్కూలు టీచరునే ప్రతిసారీ ఆ పనికి పెట్టవద్దు, ఆమెకూ వాక్యం కావాలి.

పట్నంలో పెరడు లేనివారికి డాబాయే పెరడు. పిట్టగోడ పెద్దవారి నడుము దాటి ఉండాలి. పిల్లలు ఎక్కడానికి వీలుగా దాని పక్కన కుర్చీలు, కుండీలు, ఇటుకలు పెట్టకండి. మెట్లకు చేతిపట్టు, ప్రతి మలుపులో దీపం ఉండాలి. అపార్ట్‌మెంటు అయితే మిగతా ఫ్లాట్లవారి అనుమతి అడగడం మర్యాద మాత్రమే కాదు, సాక్ష్యం కూడా.

మరుగుదొడ్డి సంగతి ఎవరూ మాట్లాడరు గానీ స్త్రీలకూ వృద్ధులకూ అదే పెద్ద ఇబ్బంది. అక్కడికి వెళ్లే దారిలో దీపం, లోపల నీళ్లు, సబ్బు, బయట జారని పట్టా ఏర్పాటు చేయండి. వచ్చిన స్త్రీలకు ఆ దారి ఇంటి ఆడపడుచు ముందే చూపించాలి. అడగడానికి మొహమాటపడి నీళ్లు తాగకుండా కూర్చునే పెద్దమ్మలు మన కూడికల్లో చాలామందే ఉన్నారు.

కరెంటు, పొయ్యి, వంట

షామియానా ఇనుప గుంజలూ తడినేలా అతుకుల వైరూ కలిస్తే ప్రాణాపాయం. వైర్లు టేపుతో చుట్టిన అతుకులు లేకుండా ఒకే ముక్కగా ఉండాలి. నేలమీద కాక తలపై ఎత్తున పోవాలి. ఇనుప గుంజకు చుట్టకూడదు. వీధి కరెంటు తీగల కింద షామియానా వేయకూడదు. ఇంట్లో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ లేకపోతే ఈ సందర్భంగానైనా పెట్టించండి. షాక్ తగిలిన క్షణంలో అది కరెంటు తెంచేస్తుంది. సంఘంలో ఎలక్ట్రీషియన్ సహోదరుడు ఉంటే ఆయన్ని పిలిచి చేయించండి, పనికి తగిన కూలి ఇవ్వండి. "దేవుని పని" అనే పేరుతో చేతిపని చేసుకునేవాడి పొట్ట కొట్టకూడదు.

పొయ్యి షామియానా గుడ్డకు దూరంగా, గాలి వాలుకు అవతల ఉండాలి. పక్కన రెండు బకెట్ల ఇసుక, ఒక డ్రమ్ము నీళ్లు ఉంచండి. వంటచేసేవారు నైలాన్ చీర కాకుండా నూలుచీర కట్టుకోవడం మేలు.

వండిన అన్నం, మాంసం రెండు గంటలకు మించి బయట ఉంటే అందులో క్రిములు పెరగడం మొదలవుతుంది. వాసన రానంత మాత్రాన అది మంచిదని కాదు. మన కూడికల్లో జరిగేదేమిటి? నాలుగింటికి బిర్యానీ దమ్ము దించుతాం. ఆరింటికి పాటలు మొదలవుతాయి. తొమ్మిదిన్నరకు ఆశీర్వాదం. ఐదున్నర గంటలు! కాబట్టి వంట భోజనవేళకు గంటముందు దిగేలా చూసుకోండి. దింపాక మూతపెట్టి సన్నని సెగమీద వేడిగా ఉంచండి. వాక్యపరిచర్య చేసే దైవజనులకు కూడా ప్రేమతో ఒక మనవి. సంఘంలో షుగరు వ్యాధితో ఇన్సులిన్ తీసుకునేవారున్నారు. వారికి భోజనం వేళ తప్పితే కళ్లు తిరుగుతాయి. నలభై నిమిషాల్లో చెప్పగలిగిన సందేశాన్ని నలభై నిమిషాల్లోనే ముగించడం కూడా పరిచర్యే.

ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, స్పూన్లు, అలంకరణకు వాడే థర్మాకోల్, వీటిని 2022 జూలై 1 నుండి దేశమంతటా నిషేధించారు. అయినా మన కూడికల మర్నాడు వీధిలో ఎగిరేవి అవే. అరిటాకు ఉండగా వాటితో పనేముంది? విశాఖ మన్యంలోని గిరిజనులు కుట్టే అడ్డాకు విస్తళ్లు కొంటే ఆ డబ్బు కూడా అవసరమైన చేతికి చేరుతుంది. నీళ్లకు స్టీలు గ్లాసులు సంఘం పేరుమీద రెండువందలు కొని ఉంచితే ఏళ్లతరబడి అందరి ఇళ్లకూ తిరుగుతాయి.

మైకు, పొరుగు

మైకు పెట్టడానికి పోలీసువారి రాతపూర్వకమైన అనుమతి కావాలి. శబ్ద కాలుష్యంపై 2000 సంవత్సరంలో వచ్చిన నిబంధనల ప్రకారం రాత్రి పది నుండి ఉదయం ఆరు వరకు ఆరుబయట లౌడ్‌స్పీకర్ వాడకూడదు. చట్టం సంగతి అలా ఉంచి, యాభైమంది కూర్చున్న పెరటికి వీధికొస వరకు వినబడే బాక్సులెందుకు? రెండు చిన్న స్పీకర్లు లోపలివైపు తిప్పి పెట్టుకుంటే చాలు. పక్కింట్లో పరీక్షకు చదివే పిల్ల, ఎదురింట్లో మంచం పట్టిన తాత ఉంటే మన స్తుతిగీతం వారికి శ్రమ కాకూడదు.

ఇతర మతాలకు చెందిన పొరుగువారిని పిలవండి. అయితే మొదట పాటలు, ప్రార్థన, తర్వాత భోజనం ఉంటాయని దాచకుండా చెప్పండి. కేవలం విందని పిలిచి మధ్యలో ప్రసంగం పెట్టడం నమ్మకద్రోహం అనిపించుకుంటుంది. భోజనానికే వస్తామన్నవారికి ఆ వేళ చెప్పి, అంతే సంతోషంగా ఆహ్వానించండి. మాంసం తిననివారికి వేరే పాత్రల్లో వండి వేరే గరిటెలతో వడ్డించండి.

అమెరికాలో ఉన్న మనవారికి

ఈ ఋతువులో అమెరికాలోని తెలుగు సంఘాల కుటుంబాలు కూడా బ్యాక్‌యార్డుల్లో కూడుకుంటుంటాయి. అక్కడి జాగ్రత్తలు కొంచెం వేరు. నవంబరు మొదటి ఆదివారం గడియారాలు గంట వెనక్కి జరుగుతాయి కాబట్టి ఆ తర్వాతి కూడికలు మధ్యాహ్నమే మొదలుపెట్టాలి. తడిసిన ఎండుటాకులు మంచుగడ్డలా జారతాయి. మెట్లమీద, నడకదారిలో ముందుగా ఊడ్చేయండి. చలిమంట ఇంటికీ చెక్క కంచెకూ ఆకుల కుప్పలకూ దూరంగా ఉండాలి. చలిగా ఉందని బొగ్గుల గ్రిల్లును గ్యారేజీలోకి తీసుకురావద్దు. దానినుండి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా లేవు, మనిషి తెలియకుండానే ప్రాణం పోతుంది. ఈశాన్య రాష్ట్రాల్లో ఉండేవారు పిల్లలు గడ్డిలో ఆడి వచ్చాక పిడుదులు పట్టాయేమో చూడాలి. అవి ఈ కాలంలోనూ చురుకుగానే ఉంటాయి.

ఇండియా నుండి వచ్చి ఉన్న అమ్మానాన్నల ఒడిలో ఒక దుప్పటి వేయండి. థాంక్స్‌గివింగ్ నాడు ఊరంతా ఇళ్లకు వెళ్తే హాస్టల్ గదిలో మిగిలిపోయే మన విద్యార్థుల పేర్లు పిలుపుల చీటీలో మొదట రాయండి.

పెరటి గుమ్మం

ఇప్పుడు రెండో ప్రశ్నకు వద్దాం. రావలసినవారందరూ వచ్చారా?

మన ఊళ్లలో పెరటికి ఒక చరిత్ర ఉంది. వీధిగుమ్మంలోంచి వచ్చేవారు కొందరు, పెరటిగుమ్మంలోంచే రావలసినవారు కొందరు. కూలిడబ్బులకు వచ్చినవాడు అక్కడే నిలబడ్డాడు. దాహమడిగితే దోసిలి పట్టించి పైనుండి నీళ్లు పోశారు. టీకొట్లలో రెండు గ్లాసుల పద్ధతి నిన్నమొన్నటిదే. రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. మన విశ్వాసమైతే దానికంటే చాలాముందే క్రీస్తునందు అందరూ ఒక్కటేనని ప్రకటించింది. మన సంఘాల్లో ఎందరో ఆ పెరటిగుమ్మం దగ్గర నిలబడినవారి బిడ్డలు, మనవలు. అయినా ఈరోజు మన ఇళ్ల పెరట్లో ఒకసారి చూడండి. పనిచేసే అమ్మ కోసం గూట్లో బోర్లించిన వేరే గ్లాసు, అంచు విరిగిన వేరే పళ్లెం కనబడడంలేదా? ఒకప్పుడు వేరే గ్లాసులో తాగినవారి ఇళ్లలోనే అది ఉంటే మనమేం జవాబు చెప్పగలం?

పెరటిని విందుకు సిద్ధపరచాలంటే ముందు తీయవలసింది కట్టెలమోపు కాదు, ఆ గ్లాసు.

అంతియొకయలో కేఫా అన్యజనులతో కలిసి భోంచేస్తూ, కొందరు వచ్చేసరికి భయపడి వెనక్కి తగ్గాడు. పౌలు ఆయన్ని అందరి ఎదుటా నిలదీశాడు (గలతీయులకు 2:11-14). ఎవరితో కూర్చొని తింటున్నామనేది సువార్త సత్యానికి సంబంధించిన విషయమని పౌలు ఎంచాడు. కొరింథులో ధనికులు ముందుగా తిని తాగుతుంటే పేదలు ఆకలితో మిగిలిపోయారు. అది ప్రభువు రాత్రిభోజనమే కాదన్నాడు (1 కొరింథీయులకు 11:20-22). మెరిసే బట్టలవానికి మంచిచోటు, మురికిబట్టలవానికి కాళ్లదగ్గర చోటు చూపించేవారిని యాకోబు తన పత్రిక రెండో అధ్యాయంలో మందలించాడు. ఆదివారం ఒకే రొట్టెలో పాలుపొంది, శనివారం సాయంత్రం పెరట్లో రెండు పంక్తులు వేయగలమా?

పర్ణశాలల పండుగకు ఎవరెవరు రావాలో ద్వితీయోపదేశకాండము 16:14 ఒక జాబితా ఇస్తుంది. కొడుకు, కూతురు, దాసుడు, దాసి, లేవీయుడు, పరదేశి, తలిదండ్రులు లేనివారు, విధవరాలు. ఇంటిపిల్లలతో పాటు పనివారు కూడా ఆ జాబితాలో ఉన్నారు, అదీ వడ్డించడానికి కాదు, సంతోషించడానికి. తిరిగి పిలవలేనివారిని పిలవమని ప్రభువు కూడా లూకా 14వ అధ్యాయంలో చెప్పాడు.

దీన్ని ఆచరణలో పెట్టడం కష్టమేమీ కాదు. పనిచేసే అమ్మను "ఆరోజు కాస్త ముందు రా" అని కాకుండా, ఆమె ఇంటికి వెళ్లి కుటుంబంతో సహా రమ్మని పిలవండి. ఆరోజు ఆమె అతిథి. అంట్లు వేరేవారు తోముతారు. ఆమె కూర్చునే కుర్చీ, తినే విస్తరి, తాగే గ్లాసు అందరివీ ఒక్కటే. ఆమె పక్కన ఇంటివారే కూర్చోవాలి. అందరూ తిన్నాక మిగిలింది కట్టివ్వడం ఆతిథ్యం కాదు. చెత్తబండి నడిపే తమ్ముడు, వాచ్‌మన్ కుటుంబం, పొరుగు రాష్ట్రంనుండి ఇళ్లు కట్టడానికి వచ్చిన కూలీలు, భర్త చనిపోయాక శుభకార్యాలకు పిలుపు రావడం మానేసిన సహోదరి, వీరిని గుర్తుచేసుకోండి. మొదటి పంక్తి పాస్టరుగారికీ పెద్దమనుషులకూ అన్న అలవాటు మార్చి పిల్లలకు, వృద్ధులకు, జబ్బుతో ఉన్నవారికి, దూరం నడిచి వెళ్లవలసినవారికి వేయండి. నిజమైన కాపరి దానికి సంతోషిస్తాడే గాని చిన్నబుచ్చుకోడు.

మార్త పని ఎవరిది?

మరొక అతిథి మన పెరట్లోనే ఉండి కూడికకు రాకుండా పోతుంది. ఆమె ఆ ఇంటి ఇల్లాలు. వాక్యం జరిగినంతసేపూ పొయ్యిదగ్గరే. ప్రభువు మార్తను పనిమానమని తిట్టలేదు, అనేక పనులగురించి కలవరపడుతున్నావని ప్రేమతో అన్నాడు. ఆ పనులు తగ్గించేది ఎవరు? ఆరు రకాల కూరలు అక్కరలేదు. అన్నం, పప్పు, ఒక మాంసం కూర, పెరుగు చాలు. ఒక్కో కుటుంబం ఒక్కో గిన్నె తెస్తే ఇంటివారి మీద భారం పడదు. వడ్డన, అంట్లు, ఊడ్పు మగవారు తీసుకోవాలి. శిష్యుల పాదాలు కడగడానికి ప్రభువు నడుముకు తువాలు కట్టుకున్నాడు. మనం కట్టుకుంటే మనకు తక్కువేమీ కాదు.

అప్పు చేసి పప్పుకూడు పెట్టవద్దు. గొప్ప కోసం వడ్డీకి తెచ్చి చేసిన విందు ఏడాదంతా ఇంటిని కుంగదీస్తుంది. దాన్ని చూసి తర్వాతి కుటుంబం కూడా అంతే చేయాలనుకుంటుంది. అలా కాలక్రమేణా పేదకుటుంబాలు కూడికను తమ ఇంటికి అడగడమే మానేస్తాయి. టీ, మరమరాలతో జరిగే కాటేజ్ ప్రేయర్‌కు కూడా అంతే ఉత్సాహంతో వెళ్లే సంఘంలో ఈ భయం ఉండదు.

ఐదువేలమంది తిన్నాక ఏదీ వ్యర్థం కాకుండా ముక్కలు పోగుచేయమని ప్రభువు చెప్పాడు. విందు ముగిశాక వేడిగా ఉన్న మిగులును ఆ రాత్రికే ఆకలిగొన్నవారికి చేర్చండి. విస్తళ్లు ఎరువుగుంతలో వేయండి. మన పెరడు ఊడ్చేముందు వీధి ఊడ్వండి. మర్నాడు ఉదయం పొరుగువారు తలుపు తీసేసరికి వీధి శుభ్రంగా ఉంటే, రాత్రి ప్రసంగం వినని వారికి కూడా ఒక సందేశం అందినట్టే.

ఈ కాలంలో మీ పెరళ్లలో, డాబాలమీద, వాకిళ్లలో పందిళ్లు లేస్తాయి. ఆ పందిరి కింద ఏ బిడ్డా గాయపడకూడదు, ఏ పెద్దమ్మా దాహంతో కూర్చోకూడదు, ఎవరూ వేరే గ్లాసులో తాగకూడదు. అలాంటి పంక్తిలో ప్రభువు తానే వచ్చి కూర్చుంటాడని మా నమ్మకం. ఆయన మీ గృహాలను, మీ పొరుగును దీవించును గాక. ఆమేన్.